రాజుల ఊళ్లో నా పెళ్లి చీర

రాజులు, కోటలు, చేతిపనులు అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది రాజస్థానే. ఎడారి, ఒంటెలు, గులాబీ రంగు గోడలు. మా ఆఫీసులో ప్రతి శీతాకాలం ఎవరో ఒకరు జైపూర్ వెళ్లొస్తారు. వచ్చాక వారం రోజులు వాట్సాప్ గ్రూపు నిండా హవామహల్ ఫొటోలే. రెండేళ్ల క్రితం నేనూ వెళ్లాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా బాగుంది. 1727లో సవాయి జైసింగ్ పునాది వేయించిన ఊరు అది. గళ్ల కాగితం మీద గీసినట్టుగా వీధులు. నగలు చేసేవాళ్లు ఒక బజారులో, లక్క గాజులు చేసేవాళ్లు ఇంకో వీధిలో. 1876లో బ్రిటిష్ యువరాజు వస్తున్నాడని వేయించిన గులాబీ రంగును ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. 2019లో యునెస్కో ఆ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ రాత్రి హోటల్ గదిలోంచి అమ్మకు వీడియో కాల్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మ ఓపికగా విని, "రాజులు, కోట, నేతగాళ్లు... మన వెంకటగిరి మాదిరే ఉండాదే! దానికోసం అంత దూరం పోయినావా?" అంది.

నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ మాట ఎక్కడో ఉండిపోయింది. పోయిన ఏడాది పెళ్లి కుదిరాక మళ్లీ పైకి వచ్చింది.

మాది నెల్లూరు దగ్గర, మైపాడు వైపు సముద్రానికి ఆనుకున్న ఊరు. నాన్న రొయ్యల గుంటలు చేస్తారు. నేను బీటెక్ అయ్యాక చెన్నైలో ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. పెళ్లి కార్తీకంలో అని ముహూర్తం పెట్టారు. ముహూర్తం చీర అత్తగారి తరఫు, కంచిపట్టు. అందులో నాకు మాటే లేదు. పెళ్లికూతుర్ని చేసే రోజు కట్టుకునే చీర మాత్రం నా ఇష్టం అన్నారు. అమ్మ బీరువాలో 30 ఏళ్ల నాటి వెంకటగిరి నూలు చీర ఒకటుంది. మీగడ రంగు, సన్నటి జరీ అంచు. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. నాకు అలాంటిదే కావాలన్నాను. "అయితే నేసే వాళ్ల దగ్గరికే పోదాం" అంది అమ్మ. అలా జులైలో ఒక శనివారం పొద్దున్నే నెల్లూరులో ఆర్టీసీ బస్సెక్కాం.

గూడూరు దాకా అందరికీ తెలిసిన దారే. నిమ్మకాయల మార్కెట్ దాటి బస్సు పడమటికి తిరిగాక గాలి మారిపోతుంది. ఉప్పు వాసన పోతుంది. దూరంగా వెలికొండలు కనిపిస్తాయి. ఊరి పక్క కైవల్య నది ఉంది గానీ, మేం వెళ్లినప్పుడు అందులో నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ. "ఇదుగో నీ ఎడారి" అంది అమ్మ.

ఒక సంగతి చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది. కాగితం మీద పోయింది, అంతే. నెల్లూరు వాళ్ల నోట్లోంచి పోలేదు. అసలు నెల్లూరులో పెరిగిన వాళ్లెవరికైనా వెంకటగిరి రాజులు తెలియకుండానే తెలుసు. వీఆర్సీ సెంటర్ దగ్గర దిగమని ఆటో వాడికి చెప్తాం కదా, ఆ వీఆర్ అంటే వెంకటగిరి రాజా. ఆ కాలేజీకి వాళ్ల పేరే.

వెంకటగిరి పాత పేరు కలిమిలి. ఏలిన వాళ్లు వెలుగోటి వారు, రేచర్ల వెలమలు. రాచకొండను ఏలిన పద్మనాయకులు వీళ్ల పూర్వీకులు. వాళ్ల కథంతా 'వెలుగోటివారి వంశావళి' అనే పుస్తకంలో ఉంది. నేలటూరి వెంకటరమణయ్య గారు పరిష్కరిస్తే 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. 1757 బొబ్బిలి యుద్ధం కథ మనందరికీ తెలుసు. ఆ బొబ్బిలి సంస్థానాన్ని మొదలుపెట్టిన వారు కూడా వెంకటగిరి వంశం వాళ్లేనని చెప్తారు. తర్వాత ఇంగ్లీషు వాళ్ల కాలంలో మద్రాసు రాజధానిలో పేరున్న పెద్ద జమీందారీల్లో వెంకటగిరి ఒకటి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక జమీందారీ పోయింది.

కోట దగ్గరికి వెళ్లాం. జైపూర్‌లో లాగా టికెట్ కౌంటరు, గైడు, తలపాగా చుట్టుకుని ఫొటో దిగే ఏర్పాటు ఏమీ లేవు. బయట నిలబడి పాత గోడలు, పెద్ద గేటు చూశాం. పక్కనే టీ కొట్టు. ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "యాడనించి వచ్చినారు?" అని అడిగి, రాజావారి వైభవం గురించి ఒక పావుగంట చెప్పారు. ఏనుగులు, దసరాలు, పండితులు. అంతా విని అమ్మ ఒకటే అడిగింది. "అంత వైభవం ఎవరి డబ్బులతో?"

ఆయన నవ్వేశారు. "శిస్తులమ్మా, ఇంకేముంది" అన్నారు.

అమ్మ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నెల్లూరు నుంచి వచ్చే 'జమీన్ రైతు' వారపత్రిక మా తాతయ్య ఇంట్లో ఉండేది. ఆ పేరేంటా అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. స్వాతంత్య్రానికి ముందు వెంకటగిరి జమీందారీ రైతులు తమ హక్కుల కోసం చేసిన పోరాటంలోంచి పుట్టిన పత్రిక అది. నెల్లూరు వెంకటరామానాయుడు గారు స్థాపించారు. అంటే ఒకే ఊరు రాజుల పేరుతో కాలేజీనీ ఇచ్చింది, రాజుల మీద తిరగబడిన పత్రికనూ ఇచ్చింది. రాచరికం గురించి మాట్లాడేటప్పుడు రెండూ చెప్పుకోవాలి. కోటలు చూడ్డానికి వెళ్లే మనం సాధారణంగా మొదటిదే వింటాం.

టీ కొట్టు పెద్దాయనే మగ్గాల వీధికి దారి చెప్పారు. ఆ వీధి మొదట్లో నాకు కనిపించక ముందే వినిపించింది. టక్, టక్... టక్, టక్. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో వేగంతో. కొన్ని ఇళ్లు మాత్రం నిశ్శబ్దంగా ఉన్నాయి. మా బంధువుల బంధువు ద్వారా తెలిసిన ఇల్లు ఒకటుంది. అక్కడికే వెళ్లాం. భార్యాభర్తలిద్దరూ నేస్తారు. ఒక కూతురు. అప్పుడే ఇంటర్ పాసై, ఈఏపీసెట్ ర్యాంకు చేతిలో పట్టుకుని కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తోంది.

ముందుగదిలోనే గుంట మగ్గం. నేలలో నడుము లోతు గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. కింద కాళ్లతో కర్రలు తొక్కుతూ పైన చేతులతో నేస్తారు. పడుగు అంటే నిలువు దారాలు, పేక అంటే అడ్డ దారం అని పుస్తకాల్లో చదివితే ఒకలా ఉంటుంది. పడుగు గది పొడవునా సాగి ఉంటే, దాని మీద వెలుతురు పడి నీళ్లలా మెరుస్తుంటే ఇంకోలా ఉంటుంది. మగ్గం మీదికి రాకముందే చాలా పని అయిపోయి ఉంటుంది. చిలపల్లో వచ్చిన నూలు విప్పాలి, రంగు వేయాలి, వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించాలి, ఎండలో ఆరబెట్టాలి, ఒక్కో పోగు అచ్చులోకి ఎక్కించాలి. ఇందులో సగం పని ఆడవాళ్లదే. మగ్గం మీద కూర్చున్న వాళ్లనే నేతగాళ్లంటాం గానీ, కండెలు చుట్టే ముసలమ్మ లేకపోతే నాడెలో దారమే ఉండదు.

వెంకటగిరి చీర అంత తేలిగ్గా ఎందుకుంటుందో ఆ ఇంటాయనే వివరించారు. 100 కౌంటు నూలు వాడతారు. కౌంటు అంటే నూలు ఎంత సన్నదో చెప్పే లెక్క. 840 గజాల దారం ఒక చిలప. అలాంటి చిలపలు ఒక పౌండు బరువుకి ఎన్ని తూగితే అంత కౌంటు. 100 కౌంటు అంటే పౌండుకి 100 చిలపలు, 84,000 గజాలు. నేను ఫోన్ తీసి లెక్కేశాను. దాదాపు 77 కిలోమీటర్లు! అర కిలో కూడా లేని నూలు ఉండను విప్పుకుంటూ పోతే, నెల్లూరు నుంచి వెంకటగిరికి మేం బస్సులో వచ్చిన దారి పొడవునా ఇంచుమించు పరిచేయొచ్చు. ఆయనకి ఆ లెక్క భలే నచ్చింది. భార్యను పిలిచి మళ్లీ చెప్పించారు.

మగ్గం పైన జాకార్డ్ పెట్టె ఉంది. దానికి తోరణంలా వేలాడుతున్న చిల్లుల అట్టలు. చదువుకున్న రోజుల్లో కంప్యూటర్ చరిత్ర పాఠంలో వచ్చిన బొమ్మ అది. ఫ్రాన్స్‌లో జాకార్డ్ 1804లో ఈ పద్ధతి తెచ్చాడు. అట్టలో చిల్లు ఉంటే ఆ పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. అంటే ఒకటి, సున్నా. ఆ ఆలోచనే బాబేజ్ తన యంత్రానికి తీసుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కలకు హోలరిత్ చిల్లుల కార్డులే వాడాడు. నేను రోజూ చేసే పనికి పూర్వీకుడు ఇక్కడ మగ్గం మీద వేలాడుతున్నాడన్నమాట. ఆ మాట అంటే ఆ అమ్మాయి, "అయితే మా నాయన కూడా సాఫ్ట్‌వేరే కదక్కా" అంది.

కానీ అసలు విశేషం అట్టల్లో లేదు. అట్టలతో అంచు వేస్తారు. కొంగులోని హంసలు, నెమళ్లు, మామిడి పిందెలు జాందానీ పని. దానికి యంత్రం లేదు. గ్రాఫు కాగితం మీద గీసిన బొమ్మను పడుగు కింద పెట్టుకుంటారు. ఒక్కో రంగుకి ఒక్కో చిన్న కండె. ఎన్ని పోగులు దాటాలో లెక్కపెట్టి, వేళ్లతో ఆ రంగు దారం దూర్చి, అప్పుడు నాడె ఒకసారి విసురుతారు. మళ్లీ లెక్క, మళ్లీ దూర్చడం, మళ్లీ నాడె. పెద్ద బొమ్మయితే ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఆ భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకరి చేయి ఒకరికి అడ్డు రాకుండా పనిచేస్తుంటే మేం అరగంట అలా చూస్తూ ఉండిపోయాం. అరగంటలో చీర పెరిగింది ఒక వేలెడు కూడా లేదు.

ఇదే జాందానీ ఢాకా వైపు ప్రసిద్ధి. బంగ్లాదేశ్ జాందానీ నేతను 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. మన వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, ఉంది. కొనేవాళ్లకు ఒక చిన్న చిట్కా వాళ్లే చెప్పారు. చీర తిరగేసి చూడాలి. చేతి జాందానీ అయితే ముందూ వెనుకా బొమ్మ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. యంత్రం మీద వేసిన బుటా అయితే వెనక దారాలు వేలాడుతుంటాయి, లేదా కత్తిరించిన కుచ్చులు కనిపిస్తాయి. కొన్ని రకాల బట్టలు మగ్గం మీదే నేయాలని 1985 నుంచి చట్టం ఉంది. ఆ చట్టం ఉన్నా మరమగ్గం మీద నేసిన 'వెంకటగిరి' చీరలు దొరుకుతూనే ఉన్నాయి. చూడ్డానికి అదే. ధర నాలుగో వంతు.

ఇక బేరం దగ్గరికి వచ్చాం. నాకు నచ్చిన నమూనా, మీగడ రంగు మీద కొంగంతా హంసలు. ఇద్దరూ కూర్చుంటే 25 రోజుల పని అన్నారు. 18 వేలు చెప్పారు. అమ్మ అలవాటు ప్రకారం "పదిహేనుకి ఇవ్వకూడదా అన్నా?" అంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. గోడకున్న క్యాలెండర్ వెనక్కి తిప్పి లెక్క రాసి చూపించారు. నూలు, జరీ, రంగు, గంజి కలిపి 4 వేలు. జరీ సూరత్ నుంచి రావాలి. మిగిలేది 14 వేలు. ఇద్దరు మనుషులు, 25 రోజులు. మనిషికి రోజుకు 280 రూపాయలు.

"ఇది మీరు నేరుగా వచ్చినందుకమ్మా" అన్నారాయన. మామూలుగా మాస్టర్ వీవర్ నూలు, జరీ, డిజైను ఇస్తాడు. వీళ్లు నేసి ఇస్తే మజూరీ ఇస్తాడు. ఇలాంటి చీరకి 9,500 వస్తుంది. అంటే రోజుకు 190. నాకు మాస్టర్ వీవర్ మీద కోపం వచ్చింది గానీ, ఆయనకి లేదు. "అమ్ముడుపోని నెలల్లో కూడా పని ఇచ్చేది ఆయనే కదా పాపా. సరుకంతా ఆయన నెత్తినే ఉంటుంది. నాకు సొంతంగా నూలు కొనే పెట్టుబడి యాడుంది?" అన్నారు.

అమ్మ ఇంక బేరం ఆడలేదు. మా అమ్మ బేరం ఆడకుండా ఊరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మంది ఈ పని మీద ఉన్నారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల వాళ్ల నెల సంపాదన 5 వేల లోపే. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం అని మా ఆఫీసులో కూడా చీరలు కట్టుకుని ఫొటోలు దిగుతాం.

వానల సంగతి కూడా చెప్పారు. నేను సముద్రం పక్క పుట్టినదాన్ని, తుపాను అంటే నాకు నాన్న గుంటల గట్లే గుర్తొస్తాయి. 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్... ప్రతిసారీ గట్టు తెగిందా, రొయ్య పోయిందా అన్నదే ఇంట్లో మాట. అదే వాన ఇక్కడికి వచ్చి మగ్గం గుంటలో చేరుతుందని అప్పుడే తెలిసింది. గుంటలో నీళ్లూరితే కాళ్లు పెట్టేదానికి లేదు. ముసురు పడితే గంజి ఆరదు, పోగులు తెగిపోతాయి. తోడి పోసుకుంటూ వారాల తరబడి ఖాళీగా కూర్చోవాలి. "కార్తీకం పెళ్లి అంటుండారు కదా, వానలు మొదలయ్యేలోపే ఇచ్చేస్తాం. మీరు దిగులు పడొద్దు" అంది ఆవిడ. నా పెళ్లి చీర ఈశాన్య రుతుపవనాలతో పందెం వేసుకున్నట్టయింది.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే అన్నం పెట్టారు. తినేటప్పుడు ఆవిడ నన్నే చూస్తూ అడిగింది.

"పాపా, నువ్వు సాఫ్ట్‌వేర్‌లో ఉండావంట కదా. మా పిల్లకి గూడూరు పక్క కాలేజీలో సీఎస్‌ఈ వచ్చేట్టుండాది. ఇదేమో ఈ ఊళ్లోనే చేనేత డిప్లొమా చేస్తానంటోంది. నువ్వు చదువుకున్న దానివి. ఏది చేర్పించేది? నువ్వే చెప్పు."

వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. నేతగాళ్ల హక్కుల కోసం బతుకంతా పోరాడిన ప్రగడ కోటయ్య గారి పేరు దానికి పెట్టారు. మూడేళ్ల డిప్లొమా. మంచి కోర్సు. ఆ అమ్మాయి లోపలికెళ్లి ఒక గ్రాఫు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. పేజీ పేజీకీ పెన్సిల్‌తో గళ్లు నింపిన డిజైన్లు. పాత హంసలు, నెమళ్లే కాదు. కొంగ ఉంది, పడవ ఉంది. "పులికాట్‌కి స్కూల్లో తీసుకెళ్లినప్పుడు ఫ్లెమింగోలు చూసినానక్కా. అవి వేసినా" అంది. పొడుగు కాళ్లు గళ్లలో ఇమడవు కదా, ఎలా వేసిందా అని చూస్తే, నిలబడిన పక్షిని కాకుండా రెక్కలు విప్పి ఎగురుతున్న దాన్ని ఎంచుకుంది. 18 ఏళ్ల పిల్ల. మా టీమ్‌లో డిజైనర్లున్నారు, ఏ పరిమితిలో ఏం చేయొచ్చో ఇంత సులువుగా పట్టుకునే వాళ్లు తక్కువ.

ఇప్పుడు నేనేం చెప్పాలి?

చేనేత నిలబడాలి, కళ బతకాలి అని ఒక గంట ముందు ఆ పడుగు పక్కన నిలబడి మనసులో అనుకున్నదాన్ని నేనే. అలా నిలబడాలంటే ఎవరో ఒకరు ఆ గుంటలో కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఇదిగో, నా ఎదురుగా కంచంలో అన్నం కలుపుతోంది. ఈ పిల్ల కంటే తగిన మనిషి ఎక్కడ దొరుకుతుంది? కానీ నేను చేరిన మొదటి నెల జీతం వాళ్లిద్దరూ కలిసి రెండు నెలలు నేసినా వచ్చేది కాదు. నాన్న గుంటలు మునిగిన ఏడాది ఇల్లు నడిచింది ఆ జీతంతోనే. నా ఇంట్లో ఏది మేలు చేసిందో అది ఆవిడకు తెలియకుండా దాచి, కళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి రావడం నాకు చేతకాలేదు.

ఉన్నదున్నట్టు చెప్పాను. బీటెక్ అయిన వాళ్లందరికీ ఉద్యోగాలు రావట్లేదని, వచ్చినా తీసేయడాలుంటాయని, రాత్రిళ్లు కూర్చోవాల్సి వస్తుందని చెప్పాను. అయినా మొదటి రోజు నుంచే నెల తిరిగేసరికి జీతం పడుతుందని, ఆ ధైర్యం వేరని చెప్పాను. డిప్లొమా చేస్తే మగ్గం గుంటలోనే కూర్చోవాలని లేదని, డిజైన్లు, అద్దకం, నాణ్యత చూసే ఉద్యోగాలూ ఉంటాయని, అవి ఎన్ని ఉన్నాయో, ఎంత ఇస్తారో ఆ సంస్థలో చదివిన సీనియర్లనే వెళ్లి అడగమని చెప్పాను. చివరికి ఆవిడ, "ఇదంతా సరే. నీ చెల్లెలైతే ఏం చెప్తావు?" అంది.

"సీఎస్‌ఈ అనే చెప్తానత్తా" అన్నాను.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. గ్రాఫు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. వాళ్ల నాన్న మాత్రం తల ఊపారు. "నేనూ అదే అంటుండా. రాజులున్నప్పుడు మా తాతలు నేసినది కోటకి పోయేదంట. కోట పోయాక కూడా మేం నేస్తానే ఉన్నాం. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ చేయమనలేదు. దీని తరానికి దీని ఇష్టం" అన్నారు.

తిరుగు బస్సులో అమ్మా నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదు. గూడూరు వచ్చాక అమ్మ అంది. "వాళ్లకి నీ అంత జీతం ఉంటే ఆయమ్మ ఆ మాట అడిగేదే కాదు." నేను జైపూర్ గురించి ఆలోచిస్తున్నాను. అక్కడ కోటలకు రంగులు వేస్తారు, గోడలు బాగుచేస్తారు. గోడ ఒక ఏడాది పట్టించుకోకపోయినా నిలబడే ఉంటుంది. చేతిపని అలా కాదు. ఒక తరం లేచి వెళ్లిపోతే, తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఎవరి దగ్గర నేర్చుకుంటారు? దాన్ని నిలబెట్టాలంటే రోజుకు 280 ఉన్న చోట 800 రావాలి. అది రానంతకాలం ఆ ఇంటి పిల్లను అక్కడే ఉండమనే హక్కు చీర కట్టుకునే నాకు లేదు. ఆ 800లో నా వాటా ఏంటో మాత్రం నేను లెక్కేసుకోగలను. ఏడాదికి నాలుగు చౌక చీరల బదులు ఒక్కటి కొంటాను, నేసిన వాళ్ల దగ్గరే కొంటాను, సగం డబ్బు ముందే ఇస్తాను. ఆ సగం డబ్బుతో వాళ్లు సొంతంగా నూలు కొనుక్కోగలుగుతారు. పెళ్లి షాపింగ్‌కి వెళ్లే మా ఆఫీసు వాళ్లకు ఇప్పుడు ఇదే చెప్తున్నాను. ఇద్దరు వెళ్లొచ్చారు.

మీరూ వెళ్లాలనుకుంటే వినాయక చవితి దాటాక భాద్రపదంలో పోలేరమ్మ జాతర సమయం చూసుకోండి. మట్టితో అమ్మవారిని చేసి, జాతర చేసి సాగనంపుతారు. ఎక్కడెక్కడో ఉన్న వెంకటగిరి వాళ్లంతా ఊరు చేరతారు. కాకపోతే జాతర రోజుల్లో మగ్గాలు ఆగిపోతాయి. మగ్గం చూడాలంటే ముందో వెనకో వెళ్లండి. వానాకాలం వద్దు.

నా చీర అక్టోబరు మొదటి వారంలోనే వచ్చేసింది. ఆర్టీసీ కార్గోలో, అట్టపెట్టెలో, పాత దినపత్రికల మధ్య. వానలు ఇంకా మొదలవలేదు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి దగ్గర్నించి మెసేజ్.

"అక్కా, కాలేజీ మొదలైంది. సీఎస్‌ఈ. రోజూ ఊరి నుంచే బస్సులో పోయి వస్తున్నా. సీ లాంగ్వేజ్ బాగానే అర్థమవుతోంది. సెలవుల్లో అమ్మకి చేయి నొప్పి చేస్తే మీ చీర మీద నేను కూర్చున్నా. కొంగులో ఒక హంస పూర్తిగా నాదే. ఏదో కనిపెట్టండి."

చీర మంచం మీద పరిచి, లైటు వేసి, అమ్మా నేనూ ఒక్కో హంసనూ చూశాం. తిరగేసి వెనక కూడా చూశాం. మెడ వంపు, రెక్క, ముక్కు దగ్గర ఎర్ర పోగు. గంటసేపు వెతికినా తేడా దొరకలేదు. అన్నీ ఒక్క చేతివే అన్నట్టున్నాయి.